రుద్దని నలుపు

శుక్రవారం పొద్దున శవం దొరికింది.

హనోయ్‌లో చెమ్మ రోజులవి. గోడలకు చెమట పడుతోంది. ఎవరూ పోయకుండానే నేల మీద నీళ్లు నిలుస్తున్నాయి. సన్నగా, నిలువుగా కట్టిన నాలుగంతస్తుల ఇల్లు అది. దాని నడుమ వెలుతురు కోసం వదిలిన ఖాళీ. ఆ ఖాళీ అడుగున చిత్రకారుడు దామ్ ఖోయ్ వెల్లకిలా పడి ఉన్నాడు. తల పగిలింది. కళ్లు తెరిచే ఉన్నాయి. కనుపాపల మీద కూడా చెమ్మ పేరుకుంది.

కెప్టెన్ లామ్ తలెత్తి పైకి చూశాడు. మూడో అంతస్తులో రెయిలింగ్. దాని వెనక స్టూడియో తలుపు.

"దూకాడంటావా అక్కా?"

"దూకాడనే అంటున్నారు తమ్ముడూ," అంది సార్జెంట్ బిక్. యాభై దాటిన మనిషి. స్టేషన్‌లో అందరికీ అక్కే.

"ఎవరు?"

"సందులో వాళ్లు. టీ కొట్టువాడు. మన పెద్దాయన. ఆయనైతే చూడకుండానే అంటున్నాడు. సాయంత్రానికి రిపోర్టు రాసేయమని ఫోన్."

లామ్ మెట్లెక్కాడు.

స్టూడియో కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. నడిమి బల్ల మీద తలుపంత పలక. పలకంతా నలుపు. గీత లేదు, మచ్చ లేదు. పక్కన గిన్నెలో అడుగంటిన నల్ల లక్క. గిన్నెలోనే కుంచె.

మూలన గాలిలో తేమను లాగేసే మిషన్ కీచుమంది. బిక్ వెళ్లి ట్రే లాగింది. నిండుగా నీళ్లు. బయట పారబోసి, మళ్లీ తోసి, బటన్ నొక్కింది.

"మా ఇంట్లో రోజుకి మూడుసార్లు ఇదే చాకిరి," అంది. "ఈ చెమ్మకి మా ఆయన మీసం కూడా బూజు పట్టేలా ఉంది."

లామ్ నవ్వలేదు. అతను పలక మీదికి వంగాడు. నలుపులో ఒక ముఖం కనిపించింది. తనదే అని తెలియడానికి క్షణం పట్టింది. ఆ క్షణంలో అతనికి భయం వేసింది. ఎందుకో తెలియలేదు. తెలియని భయాలను అతను వదిలిపెట్టడు. వాటి వెంటే నడవడం అతని వృత్తి.

వేలితో తాకాడు. జిగురు. రుమాలుతో తుడుచుకున్నాడు.

మెట్ల మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. మియెన్, ఖోయ్ ఒక్కగానొక్క కూతురు. రాత్రి బస్సులో డానాంగ్ నుంచి వచ్చింది. తాళం తీసి లోపలికి అడుగుపెట్టి మొదట చూసింది తండ్రినే.

"రాసుకోండి," అంది. "చంపింది నేను."

"ఎలా?"

"మాటతో."

లామ్ ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె చెప్పడానికి చాలాసేపు పట్టింది.

లక్కబొమ్మ కుంచెతో పూర్తి కాదు. పలక మీద పొర మీద పొర రంగులేస్తారు. వెండి రేకు అతికిస్తారు. గుడ్డు పెంకులు పొదుగుతారు. చివరికి అంతటి మీదా నల్ల లక్క పూసి కప్పేస్తారు. అది ఆరాక నీళ్లు పోసి బొగ్గుతో రుద్దుతారు. రుద్దేకొద్దీ లోపలిది పైకి తేలుతుంది. బొమ్మ పుట్టేది అప్పుడే.

"అమ్మ పోయాక నాన్న రుద్దడం మానేశాడు. పన్నెండేళ్లు. అప్పటికి పన్నెండు పలకలకి నలుపు పూసి ఉంది. అలాగే వదిలేశాడు. నాన్న స్నేహితుడు విన్ బాబాయి వాటిలో పదకొండింటిని ఎగ్జిబిషన్‌లో పెట్టించాడు. జనం ఏడ్చారు. ఒక మనిషి శోకమంతా ఇక్కడ గడ్డకట్టింది అన్నారు. బాబాయి పుస్తకమే రాశాడు."

"తర్వాత?"

"పోయిన నెల నాన్న ఫోన్ చేశాడు. ఇంట్లో మిగిలిన పలకని రుద్దడం మొదలుపెట్టానే అన్నాడు. గొంతులో సంతోషం. నాకు ఒళ్లు మండింది. అమ్మను గీకేస్తున్నావా, అంత బరువైందా నీకు అన్నాను. ఫోన్ పెట్టేశాను." ఆమె ఫోన్ తీసి చూపించింది. "ఆదివారం ఈ ఫొటో పంపాడు. నేను జవాబివ్వలేదు."

ఫొటోలో అదే బల్ల. అదే పలక. కానీ ఎరుపు. ఇంగిలీకపు ఎరుపు మంటలా లేచి, అంచుల్లో నారింజగా విడిపోతోంది. ఒక పక్క పచ్చటి మరక. మధ్యలో గుడ్డు పెంకుల తెల్లటి పొడి.

"ఇప్పుడు పైకెళ్లి చూడండి," అంది మియెన్. "నల్లగా ఉంది. మళ్లీ కప్పేశాడు. నా మాటకి ఆయన ఇచ్చిన జవాబు అది. కప్పి, వెళ్లి దూకాడు."

"అంత్యక్రియలు ఎప్పుడు?"

"మంగళవారం. కూతురిగా తలకి శోకపు తెల్లగుడ్డ నేనే కట్టుకోవాలి. కట్టుకోను. చంపినదానికి ఆ హక్కు లేదు."

లామ్ మెట్టు మీద నుంచి లేచాడు. ఓదార్పు మాటలు అతనికి రావు. సాయంత్రం పెద్దాయన మళ్లీ ఫోన్ చేశాడు. లామ్ మంగళవారం దాకా గడువు అడిగాడు.

*

శనివారం లామ్ వెళ్లేసరికి విమర్శకుడు విన్ ఇల్లు పొడిగా, వెచ్చగా ఉంది. ప్రతి గదిలోనూ తేమ మిషన్ మూలుగుతోంది. గోడలనిండా పుస్తకాలు. టేబుల్ మీద తామరపూల టీ.

"గురువారం సాయంత్రం వెళ్లారట కదా?"

"వెళ్లాను. తొమ్మిదింటికి వచ్చేశాను. అన్నయ్య అప్పటికి బతికే ఉన్నాడు కెప్టెన్. అదే నన్ను తినేస్తోంది."

"దేని గురించి మాట్లాడుకున్నారు?"

"దేని గురించీ లేదు. ఆయన మౌనంగా ఉన్నాడు. ఆయన మౌనం నాకు అలవాటే."

"పలక చూశారా?"

"గురువారం చూసేదేముంది? మంగళవారమే చూశాను. అప్పటికే నల్లగా ఉంది. చూడగానే గుండె జారింది. అప్పుడే ఎవరికైనా చెప్పాల్సింది."

"మీరు లక్క పని చేశారా ఎప్పుడైనా?"

విన్ నవ్వాడు. "నేనా? విదేశంలో నూనె రంగులు నేర్చుకున్నవాణ్ని. చేతకాక రాతలోకి వచ్చాను. లక్క వాసనకి నాకు తలనొప్పి. పని జరిగేటప్పుడు పై అంతస్తుకి ఎక్కేవాణ్నే కాదు. పూర్తయ్యాక చూసేవాణ్ని."

"ఆరడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"ఈ దిక్కుమాలిన చెమ్మలోనా? చొక్కాలే ఆరడం లేదు. గది పొడిగా ఉంటే ఒక్క రాత్రి చాలు."

లామ్ తలూపాడు. ఫోన్‌లో నల్ల పలక ఫొటో తీసి ఆయన ముందు పెట్టాడు.

"దీంట్లో మీకేం కనిపిస్తోంది?"

విన్ చాలాసేపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దొంగనీళ్లు కావు. లామ్ దొంగనీళ్లు చాలా చూశాడు.

"దీపం ఆరిపోయిన గది," అన్నాడు విన్. "అమ్మ మంచం ఖాళీగా ఉంటుంది. పక్క ఇంకా వెచ్చగానే ఉంటుంది. రావాల్సినవాడు సమయానికి రాలేదు."

లామ్ టీ తాగి లేచాడు. ఖోయ్ పోగొట్టుకున్నది భార్యని. అమ్మని కాదు.

ఆ రాత్రి విన్ రాసిన పుస్తకం చదివాడు. రెండొందల పేజీలు. నలుపు గురించి, నిశ్శబ్దం గురించి, చావు గురించి. భాష బాగుంది. కొన్ని చోట్ల గుండె పట్టేసింది. ఆఖరి పేజీ మూసినప్పుడు అతనికి ఒక సంగతి తట్టింది. పుస్తకం మొత్తంలో ఎక్కడా నీళ్ల ప్రస్తావన లేదు. బొగ్గు లేదు. చేతులు లేవు.

*

ఆదివారం పొద్దున అద్దంలో లామ్‌కి తన ముఖం లేదు.

ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. బుగ్గ ఎర్రగా పొంగింది. వేళ్ల మధ్య పొక్కులు. దురద ఎముక దాకా దిగుతోంది.

"ఓరి నాయనో!" అంది బిక్. "కందిరీగల గూట్లో తలపెట్టావా తమ్ముడూ? ఈ ముఖంతో వస్తే నేరస్థులు వాళ్లంతట వాళ్లే ఒప్పుకుంటారు."

అలాగే తావ్ ఇంటికి వెళ్లారు. తావ్ లలితకళల కాలేజీలో లక్క చిత్రకళ పాఠాలు చెప్పి రిటైరైనవాడు. ఖోయ్‌తో కలిసి చదువుకున్నవాడు. నలభై ఏళ్ల స్నేహం, ముప్ఫై ఏళ్ల పోట్లాట. తలుపు తీసి లామ్‌ని చూసి పగలబడి నవ్వాడు.

"కరిచిందా!"

"ఏమిటి?"

"లక్క. చెట్టు పాలు అది, పచ్చిగా ముట్టుకుంటే కొందరిని కరుస్తుంది. రెండ్రోజులాగి కరుస్తుంది, అదీ దాని గడుసుతనం. ఆరిందాన్ని చంటిపిల్ల నాకినా ఏం కాదు. సున్నం రాస్తాననుకోకు, డాక్టర్ దగ్గరికి పో."

"ఖోయ్ మీద మీకు కోపమట?"

"అసూయ. కోపం కాదు, పేరు సరిగా పెట్టు. నా రంగుల పలకలు మంచం కింద, వాడి మూతలు మ్యూజియం గోడ మీద. ఒళ్లు మండదూ?"

"మూతలా?"

"మూతలే. వాడే అన్నాడు. పోయిన నెల తాగి కూర్చున్నాం. ఒరే తావ్, అది శోకమూ కాదు, గాడిదగుడ్డూ కాదు, వట్టి మూతరా అన్నాడు. పెళ్లాం ఉన్నప్పుడు వేసిన రంగులు. నలుపు కప్పిన వారానికే ఆమె స్కూటర్ లారీ కిందపడింది. వాడికి చేతులు రాలేదు. పని అక్కడ ఆగింది. అంతే. ఆ పుస్తకాలాయన వచ్చి ఆగిపోయిన పనిని చూసి భోరుమన్నాడు. ఏడుస్తున్న మనిషితో, అయ్యా ఇది పూర్తికాలేదు అని ఎలా చెప్తాం?"

"చెప్పలేకపోయాడు."

"పన్నెండేళ్లు చెప్పలేకపోయాడు. ఇప్పుడు చెప్తానన్నాడు. పదకొండూ వెనక్కి తెప్పించి రుద్దుతానన్నాడు."

బిక్ గొంతు సవరించుకుంది. "నాకు మొదట్నుంచీ ఒకటి అర్థం కాలేదు. మన ఇళ్లలో పోతే కట్టుకునేది తెల్లగుడ్డ కదా. మరి నలుపు చూసి శోకం అని ఎలా అనిపించింది ఆయనకి?"

లామ్ వాచిన కన్ను తడుముకున్నాడు.

"నేను దాన్ని ముట్టుకుంది శుక్రవారం పొద్దున," అన్నాడు. "మంగళవారానికే నల్లగా ఉందని విన్ అన్నారు."

తావ్ నవ్వు ఆగిపోయింది.

"మంగళవారమా? ఈ వాతావరణంలో? రాత్రి పూస్తే మర్నాటికి చేతికి అంటదు. లక్క ఎండకి ఆరదయ్యా. తేమ తాగి గట్టిపడుతుంది. ఊరంతా ఈ చెమ్మని తిడుతుంటే మేం దణ్ణం పెడతాం. పొడి గాలి రోజుల్లో గది చుట్టూ తడి గోనెలు వేలాడదీసి మరీ ఆరబెడతాం."

లామ్ మెల్లగా బిక్ వైపు తిరిగాడు.

బిక్ ముఖం పాలిపోయింది.

"తమ్ముడూ," అంది. "ఆ తేమ మిషన్ ట్రే నేనే పారబోశాను."

*

సోమవారం సాయంత్రం స్టూడియోలో ముగ్గురూ ఉన్నారు. మియెన్ కిటికీ దగ్గర. తావ్ స్టూలు మీద. విన్ తలుపు పక్కన, గోడకి ఆనకుండా. తలుపవతల రెయిలింగ్. దాని కింద ఖాళీ. మూలన మిషన్ ఇంకా మూలుగుతోంది.

లామ్ ఒక కంటితోనే చూస్తున్నాడు.

"ఈ పలకను ముట్టుకోండి తావ్ గారూ."

తావ్ గోరుతో నొక్కాడు. గోరు నల్లబడింది. "ఇంకా జిగురుగానే ఉంది. నాలుగు రోజులకీ!"

"మియెన్, ఆ మిషన్ ఎవరిది?"

"నాది. కింద నా గదిలో ఉండాలి, బట్టల బీరువా పక్కన." ఆమె మాట మధ్యలో ఆగింది. మిషన్‌ని కొత్తగా చూసింది. "ఇది ఇక్కడెందుకుంది? నాన్న దీన్ని ఈ గుమ్మం దాటనిచ్చేవాడు కాదు."

"అదే ప్రశ్న. మేం వచ్చిన పొద్దున కూడా నడుస్తోంది. మాకు వింతగా అనిపించలేదు. ఈ రోజుల్లో ఇది నడవని ఇల్లు హనోయ్‌లో లేదు. అందుకే కళ్లెదుటే ఉన్నా కనపడలేదు. కానీ లక్క పనివాడి గదిలో ఇది ఉండకూడదు. ఇది నడిస్తే లక్క ఆరదు."

లామ్ పలక వైపు చేయి చూపాడు.

"ఎవరో ఈ పలకకి నలుపు పూశారు. అది పాతదిగా కనిపించాలి. త్వరగా ఆరాలి. అందుకని కిటికీలు బిగించి, కింది గదిలోంచి మిషన్ మోసుకొచ్చి పెట్టారు. ఖోయ్ గారు ఆ పని చేయరు. తావ్ గారు చేయరు. బొగ్గు పట్టుకుని పెరిగిన మియెన్ చేయదు. గది పొడిగా ఉంటే ఒక్క రాత్రి చాలని నమ్మినవాళ్లే చేస్తారు." లామ్ తల తిప్పాడు. "శనివారం మీరు నాతో అన్న మాట అది విన్ గారూ."

"నూనె రంగుల అలవాటు," అన్నాడు విన్. గొంతు స్థిరంగానే ఉంది. "పొరపాటు మాట. దానికే హంతకుణ్నవుతానా?"

"మంగళవారం నల్లగా చూశానన్నారు. చూశారా?"

"చూశాను."

"మియెన్, ఆ కిరసనాయిలు గుడ్డ అందుకో. మూలన కొంచెం తుడువు."

మియెన్ తుడిచింది. ఆరని నలుపు గుడ్డకి అంటుకుని వచ్చేసింది. కింద అరచేయంత ఎరుపు తేలింది. గీత లేదు, గరుకు లేదు. అద్దంలా ఉంది. ఆమె గుడ్డ పడేసి ఆ ఎరుపు మీద చేయి పెట్టింది.

"పూర్తయిపోయింది," అంది. "నాన్న దీన్ని పూర్తి చేశాడు."

"ఎలా తెలుసు?"

"ఈ మెరుపు బొగ్గుతో రాదు. ఆఖర్న వట్టి అరచేతితో రుద్దుతారు. గంటలు గంటలు. ఇది నాన్న అరచేయి." ఆమె నలుపు అంచు తడిమింది. "మళ్లీ నలుపు పూయాలంటే ముందు ఈ మెరుపు గీకి గరుకు చేయాలి. లేకపోతే పట్టదు. ఆయనైతే... ఆయన ఇలా పూయడు. ఇది ఆయన పూసింది కాదు."

"కాదు," అన్నాడు లామ్. "నీకిచ్చిన జవాబూ కాదు."

విన్ పలకనే చూస్తున్నాడు. అరచేయంత ఆ ఎరుపునే. చూసేకొద్దీ ఆయన ముఖంలో ఏదో కుంగిపోయింది.

"ఎవరమ్మ విన్ గారూ?" లామ్ మెల్లగా అడిగాడు. "శనివారం మీరు చూసిన ఖాళీ మంచం?"

విన్ రెయిలింగ్ వైపు ముఖం తిప్పుకున్నాడు.

"మా అమ్మది. నేను విదేశంలో ఉన్నాను. పరీక్షలున్నాయని కబురు దాచారు. వచ్చేసరికి దహనం కూడా అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. ఇరవై ఏళ్లు రాలేదు. ఈ ఇంట్లో, ఆ నల్ల పలకల ముందు వచ్చింది." ఆయన ఎవరినీ చూడటం లేదు. "గురువారం అన్నయ్య ఈ ఎరుపు చూపించాడు. మూతలు తీసేస్తాను విన్, నలుపులో ఏం లేదురా, పని ఆగిందంతే అన్నాడు. ఏం లేకపోతే నేను ఏడ్చింది దేనికి? అడిగాను. నవ్వాడు. ఎగతాళి కాదు, జాలి. మ్యూజియానికి రేపే ఫోన్ చేస్తానంటూ బయటికి నడిచాడు. చేయి పట్టుకున్నాను. విడిపించుకున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. నేను ఆ నవ్వుని తోశాను."

"తర్వాత?"

"కిందికి చూడలేకపోయాను. లోపలికి వచ్చాను. ఈ ఎరుపు నన్నే చూస్తోంది. గిన్నెలో నలుపు ఉంది. గ్లౌజులు వేసుకుని పూశాను. పూస్తుంటే..." ఆయన ఆగాడు. "మనసు నెమ్మదించింది కెప్టెన్. అన్నిటికంటే ఘోరం అదే."

బిక్ ముందుకొచ్చి ఆయన చేతులు పట్టుకుంది. ఆయన ఇచ్చాడు. గుమ్మం దాటుతూ ఒకసారి తిరిగి, "మిగతా పదకొండూ..." అన్నాడు. బిక్ ఆయన్ని మెట్ల వైపు నడిపించింది.

మియెన్ మూలకు వెళ్లి మిషన్ ఆపింది. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. కిటికీలన్నీ ఒక్కొక్కటే తెరిచింది. చెమ్మ గాలి పొగలా లోపలికి వచ్చింది.

మర్నాడు ఆమె తలకి తెల్లగుడ్డ కట్టుకుంది.

*

అక్టోబర్లో కోర్టు పలకను తిరిగి ఇచ్చింది. లామ్, బిక్ దాన్ని జీపులో తెచ్చారు.

"రాయిలా ఆరింది చూడమ్మా," అంది బిక్. "మా సాక్ష్యాల గది కప్పు కారుతుంది. లక్కకి అంత మంచి గది ఊళ్లో లేదు."

మియెన్ పలక మీద నీళ్లు పోసింది. బొగ్గు తీసుకుంది. తావ్ పక్కన నిలబడి, "మెల్లగా, మెల్లగా," అంటూనే ఉన్నాడు. నల్లటి నీళ్లు బల్ల అంచున కారాయి. ఎరుపు లేచింది. ఫొటోలో కంటే ఎక్కువ వెలుగుతో. లక్క లోపలి రంగు కాలంతోపాటు తేటపడుతుందని తావ్ అన్నాడు. నారింజ వచ్చింది. తర్వాత ఆ పచ్చటి మరక.

"అమ్మ రెయిన్‌కోటు," అంది మియెన్. "వర్షంలో నన్ను స్కూల్ నుంచి తెచ్చేటప్పుడు వేసుకునేది. నేను వెనక దాని లోపల దూరి కూర్చునేదాన్ని. లోకమంతా పచ్చగా కనిపించేది."

ఆమె రుద్దుతూనే ఉంది. ఒకచోట చేయి ఆగింది. గుడ్డు పెంకుల సందుల్లో విన్ పూసిన నలుపు సన్నగా ఉండిపోయింది. వెంట్రుకలంత గీతలు. ఎంత రుద్దినా కదలడం లేదు.

"ఇంకా దిగితే ఎరుపు కూడా పోతుంది," అన్నాడు తావ్.

లామ్ వంగి చూశాడు. దూరం నుంచి చూస్తే ఆ గీతలు బొమ్మకే అందం తెచ్చినట్టు ఉన్నాయి. అదే అతన్ని భయపెట్టింది. రేపు ఇది గోడకెక్కుతుంది. ఎవరో దీని ముందు నిలబడతారు. ఆ గీతలు ఎవరివో వాళ్లకి తెలియదు. వాటిని చూసి కూడా కళ్లు తుడుచుకుంటారు.

"ఏం చేస్తావు?" అని అడిగాడు.

మియెన్ బొగ్గు కింద పెట్టింది. తడి చేతిని బట్టలకి తుడుచుకుంది. వట్టి అరచేతిని పలక మీద ఆనించి, తండ్రి చేయి ఆగిన చోటు నుంచి, రుద్దడం మొదలుపెట్టింది. నల్లగీతల మీద నుంచి కూడా.